కారుకు వినయం నేర్పిన విధం

మా సంస్థ కారు ఇకమీదట రెండంగుళాలు కిందికి దిగి తిరగాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. నేను నవ్వులాటకు చెప్పడం లేదు. ఉత్తర్వు కింద సంతకం ఉంది, సంతకం పక్కన గుండ్రటి ముద్ర ఉంది. గుండ్రటి ముద్ర ఉన్న కాగితం చూసి నవ్వినవాళ్లకు మా దగ్గర పదోన్నతి రాదు.

సంగతేమిటంటే, ఆ ఏడు పైవాళ్లకు వినయం మీద మోజు పుట్టింది. అంతకు ముందేడు మొక్కల మీద ఉండేది. ఆ మొక్కలు ఏమయ్యాయో అడక్కండి. ఎవరో సలహాదారు గారు జిల్లాలన్నీ తిరిగి, అధికారుల కార్లు ఎత్తుగా ఉండటం వల్లనే ప్రజలకూ పాలనకూ మధ్య దూరం పెరిగిందని కనిపెట్టారు. దూరం ఎంత అని అడిగితే రెండంగుళాలని తేల్చారు. "నేలకు దగ్గరగా పాలన" అని పేరు పెట్టి, గోడల మీద రాయించి, ప్రతి ప్రభుత్వ కారుకూ పొట్టి స్ప్రింగులు వేయాలని తీర్మానించారు.

మాది కొబ్బరి పీచు ప్రగతి సంస్థ. కోనసీమలో ఉంది. పీచుతో తాళ్లు, పరుపులు, కాళ్లు తుడుచుకునే పట్టాలు చేయిస్తాం. నేను అక్కడ ఇంజినీరును. పీచు తీసే యంత్రాలతో పాటు సంస్థకున్న ఒకే ఒక్క తెల్ల కారు కూడా నా నెత్తినే ఉండేది. దానికి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. కొన్న రోజు నుంచీ దాన్ని నడుపుతున్నవాడు నూకరాజు. యాభై దాటిన మనిషి, గట్టిగా హారన్ కూడా కొట్టడు.

ఇన్నేళ్లయినా నూకరాజు తాత్కాలిక ఉద్యోగే. అతన్ని తీసుకున్నప్పుడు "సదరు వాహనము ఉన్నంతవరకు మాత్రమే" అని రాసి తీసుకున్నారు. కారు ఉంటే నూకరాజు ఉంటాడు. కారును తుక్కు కింద రాసేస్తే ఆ సాయంత్రమే నూకరాజూ ఇంటికి వెళ్లాలి. పదిహేనేళ్లు నిండాక కారు రవాణా శాఖవారి ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి, నెగ్గకపోతే తుక్కే. ఆ పరీక్ష వర్షాకాలం చివర్లో పడింది. అప్పటిదాకా కారును నిలబెట్టడం నా పని, దేవుడికి దండం పెట్టుకోవడం నూకరాజు పని.

పొట్టి స్ప్రింగులు వచ్చాయి. ఒక్కోదానికి "వినయం" అని చీటీ కట్టి పంపించారు. బిగించాం. కారు చక్కగా కిందికి దిగి కూర్చుంది. మా ఎండీ పరాంకుశం గారు చుట్టూ తిరిగి చూసి, "ఇప్పుడు ఇది ప్రజల కారులా ఉన్నది" అన్నారు. తర్వాత నూకరాజు దాన్ని గేటు బయటి గతుకుల దారిలో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దిగిన మనిషి కాసేపు కారు తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"ఏం చెప్పమంటారండీ. గుంతలో పడ్డాక బండి ఊగడం మొదలెడతందండి. తర్వాత గుంత వచ్చేదాకా ఊగుతానే ఉంటదండి. పొద్దున తిన్న ఇడ్లీ ఇప్పుడు ఏడుందో నాకే తెలీట్లేదండి."

ఇందులో వింతేమీ లేదు. కారు బరువు స్ప్రింగు మోస్తుంది. ఆ స్ప్రింగు ఇష్టమొచ్చినట్టు ఎగరకుండా షాక్ అబ్జార్బరు కళ్లెం వేస్తుంది. పొట్టి స్ప్రింగు బిరుసుగా ఉంటుంది, దానికి సరిపడా పొట్టిగా, గట్టిగా ఉండే అబ్జార్బరు జత కావాలి. మా కారుకు ఉన్నవి పొడుగు స్ప్రింగుల కోసం వేసిన పాతవి. ఇప్పుడవి నిలబడి ఉన్నప్పుడే సగం ముడుచుకుపోయాయి. పెద్ద గుంత వస్తే అడుగు తగిలి టంగుమంటున్నాయి, చిన్న గుంత వస్తే స్ప్రింగును పట్టలేక వదిలేస్తున్నాయి. ఇది ఊళ్లో ఏ మెకానిక్కును అడిగినా చెబుతాడు. మా సంస్థలోనూ అందరికీ తెలుసు. ఒకరికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియకుండా జాగ్రత్తపడేవాళ్లు, అంతే.

జత అబ్జార్బర్లు కావాలని అడగడానికి అకౌంట్స్ ఆఫీసరు భానుమతి గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మంచి మనిషి. సంస్థ తయారు చేసిన పీచు దిండు కుర్చీలో అందరికీ కనపడేలా పెట్టుకుని, దాని మీద ఇంటి నుంచి తెచ్చుకున్న దూది దిండు వేసుకుని కూర్చుంటారు.

"ఇంజినీరు గారూ, ఉత్తర్వులో స్ప్రింగులని ఉంది. అబ్జార్బర్లని ఎక్కడుంది?"

"రెండూ జతండీ. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కుదరదు."

"జత అన్నమాట కూడా ఉత్తర్వులో లేదండీ. పైగా మీ అబ్జార్బర్లకు మా లెక్క ప్రకారం ఇంకా రెండేళ్ల ఆయుష్షు ఉంది. బతికున్నవాటిని పోయాయని నేనెలా రాయను?"

"స్ప్రింగులకూ ఆయుష్షు ఉంది కదండీ, వాటిని మార్చాం కదా."

"వాటికి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వస్తే ఎవరి ఆయుష్షైనా తీరినట్టే. వీటికి రాలేదు." ఆవిడ నా కాగితం నాకే తిరిగిచ్చారు.

ఎండీ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మాటలు మామూలుగానే మొదలై, ఫైలు కనపడగానే గ్రాంథికంలోకి ఎక్కేస్తాయి. నా కాగితం చూసి ఆయన నొచ్చుకున్నారు.

"కుదుపు అనే మాట మన సంస్థలో వినపడటమే నామోషీ. మన పరుపుల కరపత్రం చదివావా? ఎంతటి కుదుపునైనా ఇముడ్చుకొను పీచు అని మనమే అచ్చు వేయించితిమి. సొంత ఉత్పత్తిని కాదని బయటి సరుకు కొనుగోలు చేయుట సంస్థ విధానమునకు విరుద్ధము. కావున స్ప్రింగులలో పీచు కూరి, ఫలితమును నివేదించవలెను."

కూరాం. ఏం చేస్తాం? మేలు రకం పీచును ఉండలు కట్టి ప్రతి స్ప్రింగులోనూ కుక్కాం. ఊగడం ఆగింది. దానితోపాటు స్ప్రింగులు పనిచేయడమూ ఆగింది. రోడ్డు మీది ప్రతి రాయీ నేరుగా వెన్నుపూసకు తగిలేది. "ప్రయోగము విజయవంతము" అని ఎండీ గారు రాజధానికి రాశారు. ఆ వారంలోనే వాన పట్టుకుంది.

పీచు నీళ్లు తాగితే ఉబ్బుతుంది. ఇది మా సంస్థవాళ్లకు చెప్పాల్సిన పని లేదు, దాని మీదే బతుకుతున్నాం. రోడ్డుకు ఎడమ పక్క నీళ్లు నిలిచాయి. ఎడమ చక్రాల దగ్గరి పీచు తాగినంత తాగి ఉబ్బి, అందులో మట్టి కూడా చేరి బిగుసుకుంది. కారు ఎడమ భుజం ఎగరేసుకుని కలెక్టరాఫీసు ముందు దిగింది. లోపల ఎండీ గారు కుడి తలుపుకు ఆనుకుపోయి ఉన్నారు. చూసినవాళ్లు ఆయన ఎవరి మీదో అలిగి కూర్చున్నారనుకున్నారు.

"ఇది వినయం కాదయ్యా, ఇది పొగరు," అన్నారాయన తిరిగొచ్చాక. "పీచు తీసెయ్. ఈ ప్రయోగము గూర్చి ఎచ్చటనూ ప్రస్తావించరాదు."

తీసేశాం. కారు మళ్లీ ఊగడం మొదలెట్టింది. ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర పడుతోంది. నూకరాజు రోజూ వచ్చి నా గది గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"ఆళ్లు బానెట్ మీద చెయ్యేసి ఒక్క నొక్కు నొక్కుతారండి. మంచి బండి ఒక్కసారి లేచి ఆగిపోద్దండి. మనది ఆళ్లు భోంచేసి వచ్చేదాకా ఊగుద్దండి. మీరే ఏదోటి చూడాలండి. ఈ వయసులో నన్నెవరు పన్లో పెట్టుకుంటారండి?"

చూస్తానన్నాను. ఏం చూడాలో నాకూ తెలియలేదు.

ఇంతలో పీచు కార్మికుల సభ ఒకటి వచ్చింది. షామియానాకు కొంచెం ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. మా కారు దాన్ని దాటి జనం ఎదురుగా ఆగింది. ఆగింది చక్రాలే. ముక్కు మాత్రం నేల వైపు వంగింది, లేచింది, మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. లోపల ఎండీ గారి తలా దానితోపాటు వంగి లేచింది. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ గబుక్కున లేచి రెండు చేతులూ జోడించి కారుకు నమస్కారం పెట్టింది. వెనక ఆడవాళ్లంతా పెట్టారు. కారు వాళ్లకు మళ్లీ పెట్టింది. వాళ్లు మళ్లీ పెట్టారు. సభ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పేపర్లో "ప్రజలకు దండం పెట్టే కారు" అని ఫొటోతో వచ్చింది. రాజధానిలో ఆ ఫొటో చూసి మురిసిపోయారట. సలహాదారు గారు స్వయంగా ఫోన్ చేసి ఎండీ గారిని మెచ్చుకున్నారు. ఎండీ గారు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "చూశావా, నీకు దోషంగా కనపడింది పెద్దవాళ్లకు సంస్కారంగా కనపడింది," అన్నారు. పీచు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండో ఉత్తర్వు దిగింది. "వాహనము కిందికి దిగుట వినయమునకు ప్రారంభము మాత్రమే. వంగి లేచుట దానికి పరాకాష్ఠ. కావున ఇకమీదట ప్రభుత్వ వాహనములన్నియు ప్రజల సమక్షమున ఆగునప్పుడు తగు రీతిని వంగి లేవవలెను. అధికారి హోదాను బట్టి వంగుట అధికముగా నుండవలెను." పక్క జిల్లాలో ఒక అధికారి పాపం తన కారుకు స్ప్రింగులతోపాటు అబ్జార్బర్లు కూడా జతచూసి వేయించుకున్నాడు. అతనికి సంజాయిషీ నోటీసు వచ్చింది. "మీ వాహనము ప్రజల యెదుట నిటారుగా, నిశ్చలముగా నిలిచినట్లు తెలియవచ్చినది. మీ యీ ప్రవర్తనకు కారణము తెలుపవలసినది" అని అందులో ఉంది.

ఇక చూడండి. అన్ని జిల్లాల నుంచీ కార్లు మా షెడ్డు ముందు బారులు తీరాయి. మాది నమూనా కేంద్రం అయింది. నిక్షేపంగా ఉన్న అబ్జార్బర్లలోంచి నూనె ఎలా కార్చేయాలో ఇంజినీరింగు చదివిన నేను తోటి ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చాను. వాళ్లు రాసుకున్నారు. ఒకాయన, "మా సారు నాకంటే రెండు మెట్లు పైన అండీ, ఆయన కారుకు నూనె మొత్తం తీసేయమంటారా, నాలుగు చుక్కలు ఉంచమంటారా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మొత్తం తీసేయమన్నాను.

ఆ పరిస్థితిలో మా కారుకు కొత్త అబ్జార్బర్లు అడగడమంటే రాజద్రోహమే. ఫిట్‌నెస్ పరీక్ష చేసే శాఖకు మాత్రం ఈ ఉత్తర్వు వర్తించదు, వాళ్లది వేరే మంత్రిత్వ శాఖ. అక్కడ ఊగే కారు తుక్కే, ఇక్కడ ఊగని కారు ద్రోహి. మధ్యలో నూకరాజు. అతను గుమ్మం దగ్గరికి రావడం కూడా మానేశాడు. అది నాకు మరీ కష్టంగా ఉండి, మళ్లీ భానుమతి గారి గదికి వెళ్లాను.

ఆవిడ అంతా విన్నారు. లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"అబ్జార్బర్లు కొనడానికి పద్దు లేదండీ. ఓడించడానికి ఉంది."

నాకు అర్థం కాలేదు.

"పీచు శ్రేష్ఠతా నిరూపణ అని ఒక పద్దు ఉంది. బయటి సరుకు ఏదీ మన పీచు ముందు నిలవదని నిరూపించడానికి ఆ సరుకు నమూనాలు కొనవచ్చు. పరీక్ష నిమిత్తం వాటిని వాహనానికి బిగించవచ్చు. పరీక్ష ఎన్నాళ్లు చేయాలో ఎక్కడా రాయలేదు. ఓడిపోయేదాకా చేస్తూ ఉండండి."

ఆవిడకు అప్పుడు పాదాభివందనం చేయాలనిపించింది. వయసులో నాకంటే చిన్నవారు కాబట్టి ఊరుకున్నాను.

ఆ స్ప్రింగుల ఎత్తుకూ బిరుసుకూ సరిగ్గా కుదిరే పొట్టి అబ్జార్బర్లు వెతికి తెప్పించాను. నమూనాలు కాబట్టి మేలైనవే తెప్పించాను. ఓడిపోయేవాడు కూడా కాస్త గట్టివాడైతేనే కదా గెలుపుకు అందం. బిగించాక నూకరాజు బానెట్ మీద రెండు చేతులూ పెట్టి బలమంతా వేసి నొక్కి వదిలాడు. కారు లేచింది, ఆగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆగింది. వెనక్కి వెళ్లి డిక్కీ నొక్కాడు. చాలాసేపు అలా ముందుకూ వెనక్కూ తిరుగుతూ నొక్కుతూనే ఉన్నాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదనుకున్నాడు.

పరీక్ష రోజు రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు వాళ్లావిడను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. బానెట్ నొక్కి వదిలాడు. కారు కుదురుగా నిలబడింది. ఆయన మొహం వాడిపోయింది.

"ఇది దండం పెట్టే కారే కదండీ? పేపర్లో చూసి మా ఆవిడ ముచ్చటపడి వచ్చింది."

"అదేనండీ. ఇవాళ కాస్త ఒంట్లో బాగోలేదు," అన్నాను.

ఆయన ఇంకోసారి నొక్కి, పెదవి విరిచి, సర్టిఫికెట్ ఇచ్చేశాడు. నూకరాజుకు ఇంకో అయిదేళ్లు భయం లేదు. ఆ సాయంత్రం అతను ఆఫీసులో అందరికీ పూతరేకులు పంచాడు. ఎందుకని ఎండీ గారు అడిగితే మనవరాలు పుట్టిందని చెప్పాడు. అతనికి పెళ్లయిన పిల్లలెవరూ లేరు.

మా సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. దండం పెట్టే కారును కళ్లారా చూడాలని మా శాఖ మంత్రిగారే బయల్దేరి వచ్చారు. ఆయన కోసం ఆఫీసు ముందు కొత్తగా ఒక స్పీడ్ బ్రేకర్ కట్టించి, "వినయ గట్టు" అని రంగులతో రాయించి, రిబ్బను కట్టారు. బ్యాండు మేళం వచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి పక్కకు జరిగి నిలబడ్డారు. జనంలోంచి భానుమతి గారు నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

ఎండీ గారిని ఎక్కించుకుని నూకరాజు వచ్చాడు. కారు గట్టు ఎక్కింది, దిగింది, మంత్రిగారి ఎదురుగా వచ్చి ఆగింది. ఆగిందంటే పూర్తిగా ఆగింది. అంత పొందికగా నిలబడ్డ కారును నా సర్వీసులో చూడలేదు. ఒక్క క్షణం నాకు గర్వంగా కూడా అనిపించింది. బ్యాండువాళ్లు వాయించాలో వద్దో తెలియక మానేశారు.

"మొక్కదేంటి?" అన్నారు మంత్రిగారు.

ఎండీ గారు కారు దిగారు. చెమటలు పోశాయి. "కొన్ని సాంకేతిక కారణముల చేత వాహనము ప్రస్తుతమునకు..." అని, ఆ తర్వాత వాక్యం ఆయనకు దొరకలేదు. కళ్లతో నన్ను వెతకడం మొదలెట్టారు. కారు కింద ఏముందో చూడమంటే ఇక అయిపోయినట్టే. అబ్జార్బర్లు బయటపడతాయి, కారు మీద వేటు పడుతుంది.

అప్పుడు డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది. నూకరాజు దిగి కారు ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ ఒంటికి ఆనించి, నడుం దగ్గర విరిగినట్టు ముందుకు వంగాడు. లేచాడు. మళ్లీ వంగాడు. మళ్లీ లేచాడు. కారు ఎలా వంగేదో అచ్చం అలాగే, మొదట బాగా లోతుగా, తర్వాత కొంచెం తక్కువగా, ఆ తర్వాత ఇంకా తక్కువగా వంగి లేచి నిలకడకు వచ్చాడు. ఇన్నేళ్లు దాన్ని నడిపినవాడు కదా, తేడా లేకుండా చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండు మోగింది.

"కారుకన్నా ఈయనే నయమయ్యా," అన్నారు మంత్రిగారు. "ఇనుముకు వినయం ఏంటి, వినయం మనిషిలో ఉండాలి."

ఆ మాట పట్టుకుని మూడో ఉత్తర్వు తయారైంది. "వినయభారమును వాహనముల నుండి వాహన చోదకులకు బదలాయించడమైనది" అని మొదలవుతుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు ఆపి, డ్రైవరు దిగి, వంగి లేచి, మళ్లీ ఎక్కాలి. కార్లు ఇక తమ పాత ఎత్తుకు వెళ్లవచ్చు. మాకు పొడుగు స్ప్రింగులు తిరిగొచ్చాయి. వాటికి జతయ్యే పొడుగు అబ్జార్బర్లు కావాలని భానుమతి గారిని అడిగాను. పొట్టివి ఇంకా ఓడిపోలేదు కాబట్టి వాటిని తీయడానికి వీల్లేదన్నారు. ఈసారి ఆవిడ తలుపు వేయలేదు.

నూకరాజుకు మాత్రం మేలే జరిగింది. వాహన వినయ సహాయకుడు అని కొత్త పోస్టు సృష్టించి అతన్ని అందులో వేశారు. పర్మనెంటు పోస్టు. కారుతో సంబంధం లేదు, కారు తుక్కయినా అతను ఉంటాడు. పదిహేనేళ్లు బండి నడిపితే రానిది ఒక పూట వంగితే వచ్చింది. ఎండీ గారు శాలువా కప్పారు. నూకరాజు శాలువాతోనే వంగి లేచాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం మార్కెట్ వీధిలో అతను కనిపించాడు. మోపెడ్ మీద వస్తున్నాడు, వెనక కూరల సంచితో వాళ్లావిడ. వీధి మొదట్లో చిన్న స్పీడ్ బ్రేకర్ ఉంది. అక్కడ బండి ఆపి, స్టాండు వేసి, ముందుకొచ్చి వంగాడు. లేచాడు. మళ్లీ వంగాడు. ఎండ వేళ, వీధిలో జనం లేరు.

"ఇయ్యాల ఆదివారమయ్యా," అంది వాళ్లావిడ నెమ్మదిగా. "మనకి సెలవు. ఎక్కు, పోదాం."

"ఊరుకోయే. ఎవరన్నా చూశారంటే ఉజ్జోగం పోద్ది."

చుట్టూ చూశాడు. నేను కనపడ్డాను. పలకరిద్దామని నేను నోరు తెరిచేలోపలే అతను నా వైపు తిరిగి, మొదటి నుంచీ మళ్లీ వంగడం మొదలెట్టాడు.